లోయలో నిలువుటద్దం

వెయ్యి మంది బతికే ఆల్ప్స్ పల్లెలో 381 మీటర్ల హోటల్ కడతామని 2015లో ప్రకటించారు. ఈనాటికీ దానికి పునాది పడలేదు. అది రేపిన తగాదా మాత్రం కొండలున్న ప్రతి ఊరికీ వర్తిస్తుంది.

ముందు ఆ ఊరి ఇళ్ల కప్పుల గురించి చెప్పాలి. స్విట్జర్లాండ్ తూర్పు వైపున, గ్రౌబుండెన్ రాష్ట్రంలో, సముద్రమట్టానికి 1,250 మీటర్ల ఎత్తున వాల్స్ అనే పల్లె ఉంది. అక్కడి ఇళ్ల కప్పులు రాతి పలకలవి. ఆ పలకలు ఊరి క్వారీలోనే తీసిన క్వార్ట్‌జైట్. బూడిద రంగులో, లేత ఆకుపచ్చ జీరతో ఉంటుంది ఆ రాయి. రాజధాని బెర్న్‌లో పార్లమెంటు ముందున్న మైదానంలో పరిచిందీ ఈ ఊరి రాయే. మధ్యయుగాల్లో పడమటి నుంచి కనుమలు దాటి వలసొచ్చిన వాల్సర్లు కట్టుకున్న ఊరిది. ఇరుగుపొరుగు ఊళ్లు రొమాన్ష్ భాష మాట్లాడినా వీళ్లు తమ యాస జర్మన్‌ను వదల్లేదు. ఇలాంజ్‌లో రైలు దిగి, పసుపు రంగు పోస్టు బస్సెక్కి, కొండను ఒరుసుకుంటూ మెలికలు తిరిగే సన్నటి దారిలో అక్కడికి చేరాలి.

ఆ కప్పుల మధ్య నుంచి 381 మీటర్ల అద్దాల హోటల్ లేపుతామని 2015 మార్చిలో ప్రకటన వచ్చింది. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం కప్పు సరిగ్గా అంత ఎత్తు. లండన్‌లో అందరూ తలెత్తి చూసే షార్డ్ 310 మీటర్లు. ఆ ఏడాది స్విట్జర్లాండ్ మొత్తంలో అన్నిటికన్నా ఎత్తయిన భవనం బాసెల్‌లో రోష్ మందుల కంపెనీది. దాని ఎత్తు 178 మీటర్లు. దేశంలోని ఏ నగరానికీ లేని ఎత్తును, దానికి రెట్టింపుకన్నా ఎక్కువగా, ఒక కొండపల్లెకు తెస్తామన్నారు. నక్షా గీసింది థామ్ మేన్. లాస్ ఏంజెలెస్‌లో మార్ఫోసిస్ సంస్థను నడిపే అమెరికన్ ఆర్కిటెక్ట్, భవన నిర్మాణ రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతిని 2005లో అందుకున్నవాడు. పెట్టుబడిదారు వాల్స్ మూలాలున్న వ్యాపారి రెమో స్టోఫెల్. భవనం సన్నగా, నిలువునా అద్దాలతో ఉంటుందనీ, చుట్టూ ఉన్న కొండలూ ఆకాశమూ ఆ అద్దాల్లో ప్రతిఫలించి కట్టడం వాటిలో కలిసిపోతుందనీ నమ్మించే చిత్రాలు విడుదల చేశారు.

చిత్రాలు ప్రపంచమంతా తిరిగాయి. ఆర్కిటెక్ట్‌ను ఎంచడానికి పెట్టిన పోటీ న్యాయనిర్ణేతలు ఈ ఎంపికతో తమకు సంబంధం లేదని చెప్పి తప్పుకున్నారు. విషయం అక్కడితో భవన నిర్మాణ వృత్తి దాటి బజారుకెక్కింది.

ఊరు కట్టుకున్న స్నానాల ఇల్లు

ఈ గొడవ ఎందుకంత చేదుగా మారిందో తెలియాలంటే, వాల్స్‌కు అంతకుముందే ప్రపంచ ఖ్యాతి తెచ్చిన మరో కట్టడం దగ్గరికి వెళ్లాలి.

వాల్స్ కొండ పాదాన 30 డిగ్రీల వేడితో ఊట ఉబుకుతుంది. ఇనుము ఉన్న నీరు కాబట్టి తాకిన రాతికల్లా ఎర్రటి చాయ పూస్తుంది. 1960ల్లో ఒక జర్మన్ వ్యాపారి ఈ నీటిని నమ్ముకుని పెద్ద హోటల్ కట్టాడు. వ్యాపారం దివాలా తీసింది. అప్పుడు ఊరే ముందుకొచ్చి 1983లో ఆ హోటల్‌ను కొనుక్కుంది. పశువులు కాసుకునేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు కలిసి ఒక హోటల్‌కు యజమానులయ్యారు. అక్కడితో ఆగకుండా, కొత్త స్నానాల ఇల్లు కట్టమని అదే రాష్ట్రంలో హాల్డెన్‌స్టైన్ అనే పల్లెలో ఉండే పీటర్ జుంథోర్‌ను పిలిచారు. వడ్రంగి ఇంట పుట్టి, వడ్రంగం నేర్చి, ఆపైన ఆర్కిటెక్ట్ అయినవాడాయన. అప్పటికి బయటి ప్రపంచానికి పెద్దగా తెలియదు.

జుంథోర్ ఆ ఊరి రాయినే తీసుకున్నాడు. క్వార్ట్‌జైట్‌ను అరవై వేల పలకలుగా కోయించి, ఒకదానిమీద ఒకటి పేర్చి గోడలు లేపాడు. సగం కట్టడం కొండవాలులోకి చొచ్చుకుపోయి ఉంటుంది. కప్పు మీద గడ్డి పెంచారు. పై నుంచి చూస్తే పచ్చికకు చీలికలు పడ్డట్టు సన్నటి గాజు గీతలు మాత్రం కనిపిస్తాయి. ఆ గీతల్లోంచే వెలుతురు లోపలి నీళ్ల మీద పడుతుంది. లోపల 42 డిగ్రీల వేడినీటి గది, 14 డిగ్రీల చన్నీటి గది, నడుమ రాతి గుహల్లాంటి దారులు. 1996లో తెరిస్తే, రెండేళ్లకే 1998లో ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడాల్లో చేర్చింది. తాతలనాటి కోటలకు దక్కే గౌరవం, కట్టిన మేస్త్రీలు ఇంకా పనిలో ఉండగానే ఒక కొత్త భవనానికి దక్కింది. 2009లో జుంథోర్‌కూ ప్రిట్జ్‌కర్ వచ్చింది.

కొండలో కట్టడం ఎలా ఉండాలన్న ప్రశ్నకు ఆ ఊరు తన సొమ్ముతో, తన రాయితో ఒకసారి జవాబు చెప్పేసిందని నాకనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఎత్తులతో పోటీకి దిగకుండా కొండలోకి ఒదిగి కట్టుకోవడమే ఆ జవాబు.

2012లో ఊరు హోటల్‌నూ స్నానాల ఇంటినీ అమ్మకానికి పెట్టింది. కొనడానికి జుంథోర్ ఉన్న బృందం ఒకవైపు, స్టోఫెల్ మరోవైపు పోటీపడ్డారు. గ్రామసభ స్టోఫెల్‌కు ఓటేసింది. తను కట్టిన ఇల్లు పరాయి చేతుల్లోకి పోవడం జుంథోర్‌ను బాగా నొప్పించింది. కొత్త యజమాని హోటల్‌కు ఊరి పిన్‌కోడ్ 7132నే పేరుగా పెట్టి, గదుల లోపలి పని జపాన్‌కు చెందిన తడావ్ అండో, కెంగో కుమా లాంటివాళ్లకు అప్పగించాడు. ఆ వరసలో తర్వాతి అడుగుగా ఈ 381 మీటర్ల హోటల్ వచ్చింది. కొండలోకి దిగిన కట్టడం పక్కనే కొండతో ఎత్తు పోటీపడే కట్టడం. తగాదా అక్కడ భగ్గుమంది.

అమ్మింది దేన్ని?

హోటల్‌ను సమర్థించినవాళ్ల మాటల్లో బరువు లేదనుకోకూడదు. కొండ పల్లెలు ఖాళీ అవుతున్నాయి. చదువుకున్న పిల్లలు జూరిక్, కూర్ లాంటి నగరాలకు వెళ్లిపోతున్నారు. పైగా 2012 మార్చిలో స్విస్ ప్రజలు దేశవ్యాప్త ఓటింగ్‌లో ఒక కట్టుబాటు తెచ్చుకున్నారు. ఏ ఊళ్లోనైనా సెలవుల కోసం కట్టుకునే రెండో ఇళ్లు మొత్తం ఇళ్లలో ఐదో వంతు దాటకూడదు. 50.6 శాతం ఓట్లతో, వెంట్రుకవాసిలో అది నెగ్గింది. ఎక్కువగా వ్యతిరేకించింది కొండ రాష్ట్రాలే. అక్కడి తాపీ, వడ్రంగి పనివాళ్లకు అంతకాలం తిండి పెట్టింది ఆ రెండో ఇళ్లే కదా. ఆ దారి మూసుకుపోయాక హోటల్ ఒక్కటే మిగిలిందని వాదించిన ఊరివాడి బాధలో నిజం ఉంది.

ఇంకో వాదన కూడా ఉంది, అది ఇంకా పదునైనది. వంద గదుల్ని వాలు పొడుగునా విడివిడి ఇళ్లుగా పరిస్తే ఎంత పచ్చిక పోతుందో చూడండి, నిలువుగా కడితే నేల తక్కువ పడుతుంది కదా అని. నగరంలో ఈ లెక్క సరిపోతుంది. వాల్స్ హోటల్ విషయంలో మాత్రం అంకెలే దాన్ని కొట్టేస్తాయి. 381 మీటర్లలో గదులు 107. ఎత్తును గదులకు పంచితే ప్రతి మూడున్నర మీటర్లకు ఒక గది. అంటే దాదాపు అంతస్తుకొక గది. నేల ఆదా చేయాలనుకున్నవాడు అలా కట్టడు. అదే వంద గదులు పది అంతస్తుల్లో తేలిగ్గా సర్దుకుంటాయి. అక్కడ ఎత్తు కావాల్సింది ఒక్కో అతిథికీ పొరుగువాడంటూ లేని దృశ్యాన్ని ఇవ్వడానికి. అమ్మకానికి పెట్టింది ఆ దృశ్యాన్నే.

ఆ దృశ్యం పెట్టుబడిదారు తయారు చేసింది కాదు. మంచు శిఖరాలు, గడ్డివాములు, రాతికప్పులు, తరతరాలుగా ఎండ వైపు వాలున గడ్డి కోసి ఎండబెట్టుకుంటున్న పచ్చికబయళ్లు అన్నీ ఊరివి. ఆ ఊరివాళ్లు కిటికీ తీస్తే రేపటి నుంచి కనిపించేది మాత్రం హోటలే. పగలు అద్దం కొండను చూపిస్తుందని ఒప్పుకుందాం. రాత్రి ఆ అద్దాల వెనక దీపాలు వెలుగుతాయి. చీకటి పడితే ఊరి దీపాలూ చుక్కలూ తప్ప వేరే వెలుతురు ఎరగని లోయలో 381 మీటర్ల పొడుగున వెలిగే కిటికీలు కలిసిపోవడమంటే ఎలాగో ఆ చిత్రాలు గీసినవాళ్లు చెప్పలేదు.

ఇక్కడ ఎదురు ప్రశ్న ఒకటి వస్తుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. వాల్స్ పైనున్న లోయలో 1957 నుంచే 151 మీటర్ల కాంక్రీటు ఆనకట్ట ఉంది. త్సెర్వ్‌రైలా అనే చిన్న పల్లె దాని నీటిలో మునిగిపోయింది. అంటే వాల్స్ ఎవరూ ముట్టని కొండేమీ కాదు. మనిషి చెయ్యి దానిమీద బలంగానే పడింది. అలాంటప్పుడు హోటల్ మీద మాత్రం ఎందుకీ కోపం?

నా ఉద్దేశంలో తేడా ఉంది. ఆనకట్ట నీళ్లుండే చోటే కట్టాలి, మరో చోట కుదరదు. దాని ఎత్తు నీటి లెక్కతో తేలింది. దాని కరెంటు దేశమంతా వాడుకుంటుంది, నీటి వాడకానికి స్థానిక ప్రభుత్వాలకు ఏటా రుసుము ముడుతుంది. దాని కోసం మునిగిన ఊరిని తలచుకుని బాధపడటం వేరు, దాని అవసరాన్ని ఒప్పుకోవడం వేరు. ఆ రెండూ ఒకే మనసులో ఉండొచ్చు. 107 గదులకు 381 మీటర్లు ఎందుకన్న ప్రశ్నకు అలాంటి జవాబేదీ లేదు.

భద్రత మాట కూడా ఉంది. 1951 జనవరిలో కొండ మీంచి జారిన మంచుచరియ వాల్స్‌లో 19 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ఊరికి కొండంటే ప్రేమా ఉంది, భయమూ ఉంది. అలాంటి చోట అంత ఎత్తు లేపేముందు ఆ భయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఆ హోటల్ కట్టాలంటే ఊరి భూవినియోగ పటం మారాలి, దానికి ఊరివాళ్లు ఓటేయాలి. హోటల్ ఆ మెట్టు దాటి కట్టుబడి దాకా రాలేదు. 2019కల్లా పూర్తవుతుందని చెప్పిన హోటల్ స్థలంలో ఇప్పటికీ అంత ఎత్తున ఏమీ లేదు. అదే రాష్ట్రంలో దావోస్ పైన షాట్సాల్ప్ కొండ మీద 105 మీటర్ల హోటల్‌కు 2004లో ప్రజలు ఓటేసి ఒప్పుకున్నారు. 1900లో క్షయ రోగుల కోసం కట్టిన పాత శానిటోరియం పక్కన, హెర్జోగ్, డి మ్యురోన్ అనే పేరున్న స్విస్ ఆర్కిటెక్టుల నక్షా అది. అదీ లేవలేదు.

అమెరికా కొండ కొప్పున పది అంతస్తులు

లేచిన చోట ఏమైందో చూడాలంటే అమెరికాలోని నార్త్ కరోలినాకు వెళ్లాలి. కేరీ, రాలీ, షార్లెట్ ఊళ్లలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ దారి బాగా తెలుసు. అక్టోబరు వచ్చిందంటే రంగు మారిన ఆకుల్ని చూడటానికి పిల్లల్ని కారెక్కించుకుని బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద సాగిపోతారు. గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ మీదెక్కి చూస్తే, వరసలు వరసలుగా నీలిరంగు కొండలు. వాటి నడుమ ఒక కొండ కొప్పున మాత్రం దీర్ఘచతురస్రపు కాంక్రీటు దిమ్మె. దాని పేరు షుగర్ టాప్. అవేరి కౌంటీలో, స్కీ ఆటలకు పేరుపడిన షుగర్ మౌంటెన్ పల్లెలో, 1980ల మొదట్లో కట్టిన పది అంతస్తుల అపార్టుమెంటు.

పది అంతస్తులు మన ఊళ్లలో లెక్కలోకే రావు. కానీ శిఖరాన కట్టినదానికి కొండ తన ఎత్తునంతా అరువిస్తుంది. మైళ్ల అవతలికి కనిపించేలా చేస్తుంది. గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ అప్పటి యజమాని, ఫొటోగ్రాఫర్ హ్యూ మోర్టన్ దీనిమీద గట్టిగా పోరాడాడు. జనం కోపం శాసనసభ దాకా వెళ్లి, 1983లో కొండ శిఖరరేఖల రక్షణ చట్టం వచ్చింది. మూడు వేల అడుగులకు పైన, పక్క లోయ నేల కంటే కనీసం ఐదు వందల అడుగుల ఎత్తున ఉన్న కొండ కొప్పుల మీద నలభై అడుగులు మించిన భవనం కట్టకూడదు. చర్చి శిఖరాలు, జెండా కొయ్యలు, యాంటెన్నాల్లాంటి సన్నటివాటికి మినహాయింపు ఇచ్చారు.

ఈ చట్టంలో నాకు నచ్చిన సంగతి, అది కొండ మీద ఇల్లే వద్దనలేదు. నలభై అడుగులంటే మూడంతస్తులు హాయిగా కట్టుకోవచ్చు. ఎవరి భూమి వాళ్లదే. కాకపోతే ఆ భూమి మీద నిలబడి అందరూ చూసే శిఖరరేఖను మార్చే హక్కు మాత్రం ఒక్కడిది కాదని రాసింది. ఆస్తి హక్కును నెత్తిన పెట్టుకునే దేశంలో, ఆస్తి హక్కు మీద పట్టుదల మరీ ఎక్కువున్న కొండ జిల్లాల్లో ఆ మాట చట్టమైంది. షుగర్ టాప్ మాత్రం అప్పటికే లేచిపోయింది కాబట్టి అలాగే ఉంది. దాన్ని కూల్చలేదు. ఒకసారి కట్టాక కొండ మీది తప్పును సరిదిద్దడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఎత్తు మీద నాకు పగ లేదు. వాల్స్ ఉన్న గ్రౌబుండెన్‌లోనే, యూలియర్ కనుమకు వెళ్లే దారిలో ములెన్స్ అనే పల్లె ఉంది. నివాసులు ఇరవై మంది కూడా ఉండరు. 2025 మేలో అక్కడ తెల్లటి స్తంభాలతో, అంచెలంచెలుగా పేర్చిన కేకులా 30 మీటర్ల కట్టడం ఒకటి తెరిచారు. జూరిక్‌లోని ఈటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం, ఒరిజెన్ అనే సాంస్కృతిక సంస్థ కలిసి, కాంక్రీటును యంత్రంతో పొరలు పొరలుగా అచ్చువేసి కట్టారు. ఆ లోయల నుంచి వెళ్లినవాళ్లు ఒకప్పుడు యూరప్ నగరాల్లో మిఠాయి వంటగాళ్లుగా పేరు తెచ్చుకున్నారు. ఆ జ్ఞాపకానికి కట్టిన రూపమిది. లోపల కచేరీలు, నాటకాలు. సుమారు ఐదేళ్లుంచి విప్పి తీసేస్తామని ముందే చెప్పారు. ఊరి కథతో పుట్టింది, ఊరి కొలతలో ఉంది, నచ్చకపోతే తొలగించే వీలుంది. అలాంటి ఎత్తుకు కొండ చోటిస్తుంది.

మన గుట్టల సంగతి

ఇదంతా రాస్తుంటే నా కళ్లముందు హైదరాబాద్‌లోని ఖాజాగూడ మెదులుతూనే ఉంది. హైదరాబాద్ బండరాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. మనం ఆల్ప్స్‌ను ప్రాచీనమంటాం గానీ, వాటి ముందు ఆల్ప్స్ నిన్నమొన్న పుట్టినవి. 1996లో కొందరు పౌరులు రాళ్లను కాపాడే సంఘం పెట్టుకుని ఆదివారాలు గుట్టలెక్కి తిరిగారు, కోర్టులకెక్కారు, అధికారుల్ని కలిశారు. వాళ్ల పట్టుదలతోనే దుర్గం చెరువు దగ్గరి రాళ్లలాంటి కొన్నిటికి వారసత్వ హోదా దక్కింది. ఖాజాగూడలో ఫక్రుద్దీన్ గుట్ట మీద దర్గా ఉంది, అనంతపద్మనాభ స్వామి గుడి ఉంది. ఆ గుట్ట చుట్టూ ఈవేళ యాభై అంతస్తులు లేస్తున్నాయి. 2006 నుంచి అక్కడి నిబంధనల్లో, స్థలాన్ని బట్టి ఇంతకన్నా ఎక్కువ విస్తీర్ణం కట్టకూడదన్న పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగా చూసి ఎత్తు తేలుస్తారు. పక్కన గుట్ట ఉందా, దాని శిఖరం ఎక్కడిదాకా కనిపించాలి అన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. 2025లో కంచ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం పక్కనున్న నాలుగు వందల ఎకరాల్లో చెట్లు కూలుస్తుంటే విద్యార్థులు అడ్డుపడ్డారు. సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకుని పనులు ఆపించింది.

విశాఖలో రుషికొండ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2021లో పాత పర్యాటక రిసార్టును తీసేసి కొత్త భవనాల కోసం కొండను తొలుస్తుంటే, సంగతి హరిత ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ కట్టినవి ఆకాశహర్మ్యాలు కావు. ఐనా సముద్రం పక్క రోడ్డు మీద వెళ్లే ప్రతివాడికీ కొండ రూపం మారిన సంగతి కంటికి తగిలింది. ఏ పార్టీ హయాంలో ఏమైందన్న వాదన ఎన్నాళ్లయినా సాగుతుంది. పని మొదలయ్యే ముందు, ఆ కొండను రోజూ చూసే జాలరిపేటలవాళ్లకు, నగరవాసులకు అది రేపు ఎలా కనబడబోతోందో ఎవరూ చూపించలేదన్నదే నా బాధ.

స్విట్జర్లాండ్‌లో దీనికొక పద్ధతుంది. చిన్న ఇంటికైనా అనుమతి అడిగితే, ముందు ఆ స్థలంలో సన్నటి గడలు నాటాలి. కట్టబోయే భవనం మూలలు ఎక్కడొస్తాయి, గోడ ఎంత ఎత్తు, కప్పు ఎటు వాలుతుంది, అన్నీ ఆ గడలతో నిజమైన కొలతలో చూపించాలి. కనీసం అభ్యంతరాల గడువు తీరేదాకా వాటిని ఉంచుతారు. బడికెళ్లే పిల్లలు, పాలు పోయించుకునే ముసలివాళ్లు, ఎదురింటివాళ్లు అందరూ వాటిని చూస్తారు. అభ్యంతరం ఉంటే గడువులోగా రాసిస్తారు. నక్షా చదవడం రానివాడికీ భవనం ఎంతుంటుందో అర్థమవుతుంది.

మన మున్సిపల్ నిబంధనల్లో కొండలకూ గుట్టలకూ ఈ ఒక్క అంశం చేర్చినా చాలా మారుతుంది. ఖాజాగూడలోనో, కైలాసగిరి చుట్టుపక్కలో, శేషాచలం పాదాల దగ్గరో కట్టదలచుకున్నవాళ్లు ముందు గడలు నాటాలి. గడలు అందనంత ఎత్తయితే ఆ ఎత్తున రంగు బెలూన్లు ఎగరేయాలి. కనీసం ఒక నెల ఉంచాలి. నోటీసు తెలుగులో, ఆ బస్తీలోనే అతికించాలి. దాంతోపాటు శిఖరరేఖ మీద ఇన్ని మీటర్లకు మించి కట్టకూడదని అంకె వేసి చట్టం చేయాలి. నార్త్ కరోలినా ఆ చట్టాన్ని షుగర్ టాప్ లేచాక చేసుకుంది. మనకు ఇంకా చెక్కుచెదరని గుట్టలు ఎన్నో మిగిలే ఉన్నాయి.